సాతాను అడిగి చేస్తాడు

శామీర్‌పేట,
మంగళవారం

అన్వేష్‌కు,

తప్పుడు మాట తెచ్చేవానికి వందనం కూడా చెప్పవద్దని యోహాను తన రెండో పత్రికలో రాశాడు. అందుకే ఈ ఉత్తరానికి పైన వందనం లేదు. మర్చిపోయాననుకునేవు, మర్చిపోలేదు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని నీ ఉత్తరం చూస్తే తెలిసింది.

పోస్ట్‌మ్యాన్ దాన్ని తెచ్చినప్పుడు నేను మిషను మీద బ్లౌజు కుడుతున్నాను. "ఏందమ్మా, గీ కాలంల చేత్తోని రాసిన ఉత్తరమా? కోర్టు కాయితమేమో అనుకున్న" అన్నాడు. "కోర్టుదే బిడ్డా, ముద్దాయి రాసిండు" అన్నాను. నీ నంబరు నా ఫోన్లోంచీ, సంఘంలో ప్రతి ఒక్కరి ఫోన్లోంచీ నా కళ్ళెదుటే తీయించి, నువ్వు చేస్తే ఎత్తవద్దన్నాను కదా, నీకు కాగితం తప్ప దారి లేకపోయింది. రాత ఏమీ బాగుపడలేదు. షోలాపూర్‌లో తువ్వాళ్ళు నేసే మిల్లయినా నీకు వరస నేర్పుతుందనుకున్నాను.

అడిగినవాటికి జవాబు. నీ కీబోర్డు ఉంది. దుప్పటి కప్పి ప్రార్థన షెడ్డు మూలకు నెట్టాను. పాటలకు డప్పు సరిపోతోంది. గాలివానకు లేచిన రేకులు మళ్ళీ వేయించాను. షెడ్డు వెనక మక్కచేను ఇప్పుడు ప్లాట్లు అయింది. ఆదివారం పూట సుచిత్ర నుంచి, పేట్ బషీరాబాద్ నుంచి జాగా చూసుకోవడానికి వచ్చినవాళ్ళు కార్లు మన గుమ్మానికి అడ్డంగా పెడుతున్నారు. నరకం గురించి చెప్పే భాగం రాగానే నేను మైకు వాళ్ళ వైపు తిప్పుతున్నాను. అవ్వ మోకాళ్ళు ఎట్లున్నాయని అడిగావు. ఇప్పుడు నొప్పి లేదు. అవ్వ సంగతి చివర్లో రాస్తాను, ముందు నీ పని చూద్దాం.

అశ్రిత ఫోటో చూశాను. నీ పక్కన నిలబడి కూడా నవ్వుతోందంటే ఓర్పు గల పిల్లే. పెళ్ళి చేయాలంటే, నువ్వు సొంత సంఘంలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి యోగ్యుడివని, నీ మీద ఏ శిక్షా లేదని సంఘం నడిపే నేను రాసి సంతకం పెట్టాలని అక్కడి చర్చి అయ్యగారు అన్నారట. ఆ కాగితం లేకపోతే పిల్ల తండ్రి వేరే సంబంధం చూస్తాడట. అంటే నీకు కావలసింది తల్లి కాదు, తల్లి సంతకం. అర్థమైంది.

కాగితం అడిగినవాడివి దానితో ఆగి ఉంటే బాగుండేది. నీకు నోరు ఊరుకోదు. మూడో పేజీలో ప్రశ్న పెట్టావు. "సాతాను దేవుని సెలవు లేకుండా వెంట్రుకైనా కదపలేడని నువ్వే బోధించినవు. మరి నన్ను సాతాను చేతికి ఇచ్చినప్పుడు ఎవరి నౌకరు చేతికి ఇచ్చినట్టు?" మగ్గాల మోతలో కూర్చుని నువ్వు ఆలోచించేది ఇదా? సరే, జవాబు చెబుతాను. ఎనిమిదో తరగతి తప్పి, మిషను పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని వాక్యం నేర్చుకున్నదాన్ని. ఏ బైబిలు కాలేజీ మెట్టూ ఎక్కకపోయినా నీకు చెప్పేటంత వచ్చు.

ముందు నువ్వు చేసింది గుర్తు చేస్తాను. దావీదు జనాన్ని లెక్కపెట్టిన సంగతి చదువుతున్నాం. సమూయేలు రెండో గ్రంథంలో దేవుడే అతన్ని ఆ పనికి ప్రేరేపించాడని ఉంది. దినవృత్తాంతాల మొదటి గ్రంథంలో అదే పనికి సాతాను ప్రేరేపించాడని ఉంది. నేను చప్పుడు కాకుండా పేజీ తిప్పబోతుంటే, కీబోర్డు వెనక నుంచి నువ్వు అన్నావు.

"అమ్మా, ఒక్క పనికి ఇద్దరి సంతకాలేంది? దేవునిది, సైతానుది ఒక్కటే ఆఫీసా?"

షెడ్డంతా నవ్వింది. మేడ్చల్ నుంచి వచ్చే పార్వతీదేవి కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. నా ప్రసంగానికి ఏడ్వడమే గాని ఆమె నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు.

భయపడి ఆ వారమంతా నువ్వు మచ్చ బొల్లారంలో దోస్తు ఇంట్లో దాక్కున్నావు. మళ్ళీ ఆదివారం వచ్చావు, అమ్మ మెత్తబడి ఉంటుందని. పౌలు ఇద్దరు దూషకులను ఏం చేశాడో నేను చదివి వినిపించాను, తిమోతికి రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. దూషణ మానడం నేర్చుకునేందుకు వాళ్ళను సంఘం నుంచి వెలివేసి సాతానుకు అప్పగించాడు. నేను వారమంతా ఉపవాసముండి ప్రభువును అడిగాననీ, ప్రభువు సెలవిచ్చాడనీ చెప్పి నిన్ను అప్పగించాను. రొట్టె పళ్ళెం నీ దగ్గరికి వచ్చినప్పుడు నీ తల మీదుగా వెనకవాళ్ళకు అందించాను. ఇతనితో మాట్లాడేవాళ్ళు ఉంటే లేచి ఇతని పక్కన నిలబడండి అన్నాను. నువ్వు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒక్కరూ తల ఎత్తలేదు. మంచి సంఘం నాది.

నువ్వు పోయాక సుచిత్ర దగ్గర పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి కొన్నాను, యూదుల బోధకులు లేఖనాలను ఎట్లా చదువుతారో చెప్పేది. వాళ్ళ లెక్కలో సాతాను అన్నది పేరు కాదట, ఉద్యోగమట. దేవుని కొలువులో ఫిర్యాది. కిందికి వచ్చి మనిషిని తప్పుదారి పట్టిస్తాడు, పైకి పోయి వానిమీద నేరం మోపుతాడు, సెలవు పుచ్చుకుని మళ్ళీ దిగి ప్రాణం తీస్తాడు. దేవుని సెలవు మీద వాడు బాధపెట్టిన భక్తుడు యోబు కష్టం కంటే సాతాను కష్టమే పెద్దదని ఒక పెద్దాయన అన్నాడట. కుండ పగలగొట్టు గాని లోపలి ద్రాక్షరసం కారనివ్వకు అని యజమాని నౌకరుకు చెప్పినట్టుందట. కల్లు గీసే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని, పగిలిన కుండలో ఏం నిలుస్తుందో నాకు తెలుసు. అయినా వాడు చేశాడు. యోబు అరికాలి నుంచి నడినెత్తి దాకా కురుపులు లేపాడు, ప్రాణం జోలికి పోలేదు. పోవద్దన్నారు, పోలేదు.

మన క్రైస్తవుల లెక్కలో వాడు నౌకరు కాదు, శత్రువు. పైనుంచి పడద్రోసిన ఫిర్యాది, ప్రకటన గ్రంథం చూడు. అయినా వాని మెడకూ గొలుసు ఉంది. పేతురును గోధుమల్లా జల్లించడానికి సాతాను అడిగాడని ప్రభువే చెప్పాడు, లూకా ఇరవై రెండు. ఇయ్యనన్నానని ప్రభువు చెప్పలేదు చూడు. నీ కోసం ప్రార్థించాను అన్నాడు, అంతే. జల్లెడ ఆగలేదు. పౌలు ఒంట్లో ముల్లు గుచ్చింది సాతాను దూత. ఎందుకు? పౌలు విర్రవీగకుండా. తీసెయ్యమని బతిమాలితే దేవుడు తీయలేదు. శత్రువు చేతిని పట్టుకుని తన పని రాయించుకునే దేవుడు ఆయన. ఆయన మెత్తనివాడని నీకు ఎవరు చెప్పారు?

తనను పట్టిచ్చిన ఇస్కరియోతు యూదాకు కూడా ప్రభువు తన చేత్తో రొట్టె ముక్క ఇచ్చాడు, నువ్వు నాకు ఇయ్యలేదు అని రాశావు. ఆ ముక్క తీసుకున్నాకనే సాతాను అతనిలో ప్రవేశించాడు. ఆ మాట నీ కంట పడలేదా? నీకు ఆ అపాయం తప్పించాను. ఇట్లా జవాబులు చెప్పడం నాకు బాగా వచ్చు. ఎంతసేపైనా చెప్పగలను.

పోయిన ఆదివారం ఇదే ప్రసంగించాను. సాతాను అడగకుండా ఏదీ చేయడు, అడిగి చేస్తాడు అన్నాను. రేకులు అదిరేటట్టు ఆమేన్ అన్నారు. ఏ మాటకు నిన్ను వెళ్ళగొట్టానో దాదాపు ఆ మాటకే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇక అవ్వ. పైన అందరం క్షేమం అని రాశాను. అందరం అంటే నేనే. బుచ్చవ్వ పోయింది. బొందలగడ్డలో మీ బాపు పక్కన పెట్టాం. మట్టి కుదురుకుంది కూడా.

ఊపిరి అందక మంచం పట్టింది. దవాఖానలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వచ్చిన దగ్గర్నుంచి నీ పేరే. పక్కింటి షహజాది బేగం గంజి తాగిస్తూ నాతో అంది:

"అరె శివమ్మా, ముసల్ది మస్తు పరేషాన్ అయితాంది. పోరని నంబర్ చెప్పు, నేను మిలాయిస్త. నేను మీ సంఘపుదాన్ని గాదు గద, నాకేం పాపం తాకదు."

"నీకు తాకదు. చెప్పినందుకు నాకు తాకుతది" అన్నాను.

"గట్లాంటి దేవుడు యాడ దొరికిండే నీకు?" అని గిన్నె తీసుకుని పోయింది.

ఫోన్లోంచి తీసేశాను గాని నీ నంబరు నాకు నోటికి వచ్చు. చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం అవ్వకు కొంచెం మాట తిరిగింది. దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. బాప్తిస్మం వద్దంటూనే ఇన్నేళ్ళు నా ప్రసంగాలు గోడ అవతల నుంచి విన్న మనిషి.

"శివమ్మా, యోబు కథల సైతాను దేవుని దగ్గరికి వొయ్యి అడిగిండు గదనే?"

"అడిగిండత్తా."

"పానం ముట్టొద్దంటె ముట్టలే గద?"

"ముట్టలే."

"గట్లయితె నీకంటె గా సైతానే నయం. పోరన్ని ఎల్లగొట్టేటప్పుడు నువ్వెవర్నడిగినవే?"

"ప్రభువునడిగిన. ఉపాసముండి అడిగిన."

"థూ! ఉపాసమంట! గా వారం బోటి కూర వండుకుని గిన్నె నాకినవ్. ఒక్కపూటన్న మోకాలేసినవా? మిషను తొక్కుకుంట పోరన్ని తిట్టుడే తిట్టుడు. నేను సూడలేదనుకున్నవా?"

నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక, "పోరన్ని పిల్వు" అంది.

ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి పోయాను. నీ నంబరు కొట్టాను, ఆఖరి అంకె దగ్గర ఆగాను. ఏమని పిలవాలి? శిక్ష లేదని చెప్పాలంటే శిక్ష ఎట్లా వేశానో చెప్పాలి. సంఘానికి చెప్పాలి. పార్వతీదేవికి చెప్పాలి. ఆమె మళ్ళీ నవ్వుతుంది. లోపలికి వచ్చేసరికి అవ్వ తలుపు వైపే చూస్తోంది.

"వస్తాండా?"

"బస్సెక్కిండత్తా" అన్నాను.

అక్కడి నుంచి పోయేదాకా ఆ బస్సు కోసమే చూసింది. యాడిదాక వచ్చిండే అని అడిగేది. జహీరాబాద్ దాటిండు అన్నాను. మళ్ళీ అడిగితే సంగారెడ్డి అన్నాను. సంగారెడ్డి తర్వాత అడగలేదు.

ప్రసంగంలో ఆమేన్ తెచ్చిన మాట బుచ్చవ్వది. ఆమె పేరు చెప్పలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు నిజమైన జవాబు. అప్పగించడానికి సెలవు కావాలి. నేను అడగలేదు, ఎవరూ ఇయ్యలేదు. కాబట్టి ఆ అప్పగింత జరగలేదు. ఇన్నాళ్ళూ నువ్వు సాతాను చేతిలో లేవు, నా చేతిలో ఉన్నావు. వాని చేతిలో ఉంటే ఒక హద్దయినా ఉండేది.

అందుకని మీ అయ్యగారికి వేరే కాగితం రాయను. లేని శిక్షను ఎత్తివేస్తున్నానని సంతకం పెడితే అది ఇంకో అబద్ధం. ఈ ఉత్తరమే ఆయన చేతికి ఇయ్యి. పిల్ల తండ్రి ముందర మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదవమను, బస్సు సంగతి కూడా. నీ మీద ఏ నేరమూ లేదని తెలియడానికి అది చాలు. నువ్వూ కూర్చుని వినాలి. నీ పెళ్ళికి నేను పెట్టగలిగింది ఇదే.

క్షమించానని మాత్రం రాయకు. ఆ మాట పట్టుకుని ఇంకో ప్రసంగం చేస్తాను, నన్ను నేను ఎరుగుదును. పెళ్ళికీ పిలవకు. ఎవరితో కలిసి తినకూడదో కొరింథీయుల మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో వరసగా ఉంది. జారుల దగ్గరా తాగుబోతుల దగ్గరా గొంతు పెంచి చదివేదాన్ని. వాళ్ళ మధ్యలో తిట్టుబోతు కూడా ఉన్నాడు, వాణ్ణి ఎప్పుడూ గబగబా దాటేశాను. వచ్చే ఆదివారం బల్ల ఉంది. రొట్టె విరవాల్సింది నేను. పళ్ళెం నా తల మీదుగా దాటించే ధైర్యం ఆ షెడ్డులో ఎవరికీ లేదు. వాళ్ళను అట్లా పెంచాను.

పైన రాయని వందనం ఇక్కడ రాస్తున్నాను. ప్రభువు నామంలో నీకూ అశ్రితకూ వందనాలు. మిషను ఆపి, మోకాళ్ళ మీద ఉండి, అడిగి రాసిన మాట ఈ ఉత్తరంలో ఇదొక్కటే.

ఇట్లు,
నీ మీది ఫిర్యాది,
నీ అమ్మ
శివమ్మ