నా గొంతు వినబడితే నేనున్నానని నమ్మకండి

పెద్దమ్మాయీ, చిన్నోడా, మీ నాన్న బతికే ఉన్నాడని మీకెలా తెలుసు? పొద్దున ఫోనులో గొంతు వినబడిందనా?

చర్చి సంఘంలో మైకు తాతగా పేరుపడ్డ నేను, బుద్ధి స్థిరంగా, భయం అంతకంటే స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. రేపు పొద్దున నాకు గుండె ఆపరేషను. ఆ కబురు సంఘం వాట్సాప్ గ్రూపులో పెడితే ఇద్దరూ దండం బొమ్మ పెట్టారు. ఒకరు నా నెత్తిమీది అంతస్తులో, ఒకరు పక్క వీధి కుట్టు దుకాణంలో.

1. ముందు నా ఫోను సంగతి. గొంతు పోతోందని బైబిలు వాక్యాలన్నీ ముందే చదివి రికార్డు చేశాను. రోజూ పొద్దున్నే వాటంతటవే గ్రూపులో అందరికీ పోయేలా చిన్నోడు అమర్చాడు. మొన్న స్నానాల గదిలో జారి, లేవలేక, అరవలేక పడి ఉన్నప్పుడు కూడా గదిలోంచి నా గొంతు వేళ తప్పకుండా బయల్దేరింది. వెనకే ఆమెన్, ఆమెన్ అని టింగుటింగున జవాబులు. లోకమంతా నాతో ఏకీభవిస్తోంది, లేపే దిక్కు మాత్రం లేదు. చొక్కాలు ఇవ్వడానికి వచ్చిన ఇస్త్రీ తమ్ముడు తలుపు నెట్టాడు. అతని దగ్గర నా నంబరు లేదు కాబట్టి బతికాను. ఆ ఏర్పాటు ఆపడం నాకు చేతకాదు. నేను పోతే చిన్నోడే మెట్లు దిగి వచ్చి తన చేత్తో ఆపాలి. వాక్యం శరీరధారి అయిందని గ్రంథం చెబుతోంది, రికార్డింగు అయిందని ఎక్కడా చెప్పలేదు.

2. ఇంటి కింది భాగం పెద్దమ్మాయికి, పై భాగం చిన్నోడికి సర్వహక్కులతో చెందాలి. అయితే అక్క పత్రం తమ్ముడి దగ్గర, తమ్ముడి పత్రం అక్క దగ్గర ఉంటాయి. ఎదురెదురుగా నిలబడి, నోరు తెరిచి పలకరించి, చేతికి ఇచ్చుకోవాలి. కొరియరు చెల్లదు. ఫోటో తీసి పంపితే అసలే చెల్లదు.

కారణం మీకు తెలుసు. మీ అమ్మ పోయిన వార్త చిన్నోడు గ్రూపులో పెట్టాడు, అందరికీ ఒకేసారి తెలుస్తుందని. అక్క ఎవరిదో చొక్కా కుడుతూ చూసుకుంది. "అందర్లో నేనూ ఒకదాన్నేనా నాన్నా?" అని నన్నడిగింది. వాణ్ణి అడగలేదు. ఆనాటినుంచి ఆ మెట్లెక్కలేదు.

3. అమ్మ కత్తెర పెద్దమ్మాయికి. కాగితం కోస్తే మొద్దుబారుతుంది, జాగ్రత్త. అమ్మ కళ్ళజోడు చిన్నోడికి. నీ సందేశాలు చదవడానికే కొనుక్కుందిరా.

4. నా ప్రసంగం సాగిందని గ్రూపులో ఆవులింత బొమ్మ పెట్టిన సంఘ కోశాధికారికి నా మైకు. క్షమించాను. ఇకమీదట అందులోకే ఆవులించమనండి.

5. వీటిని అమలుపరచే బాధ్యత ఇస్త్రీ తమ్ముడిది. మీ ఇద్దరి గుమ్మాలూ తొక్కే మనిషి అతనొక్కడే.

తేదీ: మార్చి పన్నెండు, గురువారం.
సంతకం: మైకు తాత, అంటే మీ నాన్న.
సాక్షులు: ఇస్త్రీ తమ్ముడు, ఎదురింటి నర్సు.

సంతకాల తర్వాత చేర్చిన మాట: వీలునామా చచ్చాక చదవాలన్నది లోకం రివాజు. నేను ఒప్పుకోను. దీని నకళ్ళు ఇస్త్రీ తమ్ముడు ఇప్పుడే మీ చేతుల్లో పెడతాడు. రేపు పొద్దున నేను ఆపరేషను బల్లమీద ఉన్నా, అసలు లేకపోయినా, నా గొంతు మీ ఫోనుల్లో మోగుతుంది. దాన్ని నమ్మకండి. చేతిలో పని అక్కడే వదిలేయండి. ఈ రోజే, పొద్దు వాలకముందే, ఇద్దరూ కలిసి వచ్చి నా తలుపు తట్టండి.