పన్నెండోవాడు

జనవరి 6, సోమవారం

ప్రొఫెసర్ పోస్టుకు నోటీసు వచ్చింది. ఆఖరు తేదీ ఈ నెల 31. హెచ్-ఇండెక్స్ పన్నెండు ఉండాలట. అంటే నా పేపర్లలో పన్నెండింటిని, ఒక్కోదాన్నీ కనీసం పన్నెండు పేపర్లలో ఎవరో ఒకరు సైట్ చేసి, అంటే ప్రస్తావించి, ఉండాలి. పదకొండు పేపర్లకు ఢోకా లేదు. పన్నెండోది ఆరేళ్ళ కిందటి గింజల తేమ పేపరు. దానికి పదకొండు సైటేషన్లు. ఒక్కటంటే ఒక్కటి తక్కువ.

మళ్ళీ నోటీసు పడేనాటికి నేను రిటైరైపోతాను. ఇదే ఆఖరు.

జనవరి 7

పదకొండే.

జనవరి 9, ఉదయం 6.10

పదకొండే. మొహం కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నానని మా ఆవిడ సాధించింది. పదకొండుకూ పన్నెండుకూ తేడా ఒకటేనని, దానికోసం మనిషి ఇలా చిక్కి సగమైపోనక్కర్లేదని అంది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. లెక్కల టీచరు అనాల్సిన మాటేనా ఇది?

నన్ను నేనే సైట్ చేసుకుంటే చెల్లదు. గత ఐదేళ్ళలో నాతో కలిసి పేపరు రాసినవాళ్ళు చేసినా చెల్లదు. లైబ్రేరియన్ గారు పేరు పేరునా చూసి సంతకం పెడితేనే లెక్క. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

జనవరి 16, గురువారం, ఉదయం 6.05

పన్నెండు!

జనవరి 16, సాయంత్రం

ఈ రోజు కాలు ఒకచోట నిలవలేదు. అన్నయ్యకు ఫోన్ చేశాను. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పాను. ఆఫీసు క్లర్కు ఆ పన్నెండేమిటని అడిగితే ఓపిగ్గా వివరించాను. అయితే ఆరేళ్ళలో పన్నెండు మంది చదివారన్నమాట అన్నాడు, చాలా గౌరవంగా.

ఇంటికొచ్చి, ఇంతకీ నన్ను ఒడ్డున పడేసిన మహానుభావుడు ఎవరా అని పేరు చూశాను.

మా బావమరిది.

జనవరి 17

మా ఆవిడ తమ్ముడు. వేరే ఊళ్ళో ధాన్యం ల్యాబ్‌లో పనిచేస్తాడు. మేం మాట్లాడుకుని ఆరేళ్ళయింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నేనెత్తితే, అక్క ఉందా అంటాడు. పిలుస్తాను. అంతే.

ఆ పేపరు మొదట మా ఇద్దరిదీ. పంపే ముందురోజు, తేమ కొలిచే మీటరు రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తోందని అనుమానంగా ఉంది, గింజల్ని ఓవెన్‌లో ఎండబెట్టి ఇంకోసారి చూద్దామన్నాడు. నాకు తొందర. మాటా మాటా పెరిగింది. అక్క మొగుణ్ణి కాబట్టే నిన్ను ఈ పేపర్లోకి రానిచ్చానని అన్నాను. అనకూడని మాట. తన పేరు తీసేయమన్నాడు. తీసేశాను.

ఇప్పుడు అతని పేపరు నాలుగో పేజీలో నేనున్నాను. పద్నాలుగు శాతం తేమ దాకా గింజకు భయం లేదని నేను రాశాను. ఆ అంకె నమ్మదగింది కాదని, పన్నెండు దాటితే బూజు ఖాయమని అతను రాశాడు. ఒళ్ళు మండింది. మళ్ళీ నవ్వొచ్చింది. తిట్టినా సైటేషనే. లెక్కపెట్టే కంప్యూటరుకు తిట్టూ దీవెనా ఒకటే.

జనవరి 20, సోమవారం

లైబ్రేరియన్ గారు పన్నెండూ చూశారు. ఈ చివరాయనతో గత ఐదేళ్ళలో ఏమైనా కలిసి రాశారా అని అడిగారు. రాయలేదన్నాను. సంతకం పెట్టారు. మేం మొహాలు చూసుకోకపోవడం కూడా ఒక అర్హతైంది.

ఈ సంగతి నవ్వుతూ ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నవ్వలేదు. వాడు రాసింది నిజమా కాదా, అది చెప్పమంది. అన్నం తినకుండా లేచిపోయాను.

జనవరి 22

పాత మీటరు ల్యాబ్ బీరువాలో ఇంకా ఉంది. అవే రకం గింజలు తెచ్చి పెట్టాను. పద్నాలుగు చూపించింది. వాటినే తూచి ఓవెన్‌లో పెట్టాను. రేపటిదాకా ఎండాలి.

జనవరి 23

మళ్ళీ తూచి లెక్క కట్టాను. పన్నెండు. మూడుసార్లు తూచాను. పన్నెండే.

జనవరి 24

గింజల తేమ పేపర్ని సైట్ చేసిన మిగతా పదకొండు పేపర్లూ మొదటిసారి తెరిచి చదివాను. ఇన్నాళ్ళూ లెక్కపెట్టుకున్నానే కానీ ఒక్కటీ చదవలేదు. సిగ్గేసింది. అందరూ నా పద్నాలుగుని ఎత్తి రాసుకున్నవాళ్ళే. ఒకాయనైతే గోదాము మేనేజర్ల గైడులో పెద్దక్షరాలతో అచ్చు వేయించాడు. ఆ గైడు చూసుకుని ఎక్కడెక్కడ బస్తాలు పేర్చారో.

పన్నెండు మందిలో నా పేపర్ని నిజంగా చదివినవాడు మా బావమరిది ఒక్కడే.

పేపరు వెనక్కి తీసుకుంటే లెక్కలోంచి పోతుందా అని లైబ్రేరియన్ గారిని అడిగాను, ఎవరి గురించో అడిగినట్టు. పోతుందన్నారు.

జనవరి 27, సోమవారం

ఫోన్ చేశాను. ఎత్తగానే, అక్కకి ఏమైనా అయిందా అని కంగారుపడ్డాడు. అక్క బాగానే ఉంది, నీతోనే పని అన్నాను. ఓవెన్ లెక్క చెప్పి, పేపరు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. ఆ మాట గుర్తులేదన్నాడు. అబద్ధం.

పోస్టు సంగతి అక్క చెప్పినట్టుంది.

"ఆరేళ్ళు ఆగింది, ఇంకో నాలుగు నెలలు ఆగదా బావా? పోస్టు వచ్చాకే వెనక్కి తీసుకో."

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. ఒక్క క్షణం, అవును ఆగుతుంది అనేద్దామనిపించింది. దాచుకోవడమెందుకు, గట్టిగానే అనిపించింది.

"మనం ఆగుతాం. గింజ ఆగదురా," అన్నాను.

జనవరి 31, శుక్రవారం

ఫారం పంపలేదు. పేపరు వెనక్కి తీసుకుంటున్నామనీ, సరైన అంకె ఇదనీ పత్రికకు ఉత్తరం పంపాం, నేనూ వాడూ కలిసి. ఎవరి పేరు ముందుండాలని ఫోన్లో గంటసేపు పోట్లాడుకున్నాం. తప్పు నాది, నా పేరే ముందన్నాను.

ఒప్పుకున్నాడు.