పుప్పొడి వారం

ఫిబ్రవరి 9, సోమవారం

నతానియేల్ పోయాక ఈరోజే మొదటిసారి స్కూలుకు వెళ్లాను. స్టాఫ్‌రూంలో అందరూ నాతో పసిపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడారు. ఎనిమిదో తరగతికి భిన్నాలు చెప్పాను. బాగానే చెప్పాను. సాయంత్రం నేనూ మేబెల్ అత్తయ్యా టీవీ ముందు కూర్చున్నాం. ఆవిడకు నతానియేల్ ఒక్కడే కొడుకు. ఏం చూశామో ఇద్దరికీ తెలీదు.

ఫిబ్రవరి 11

ఏం లేదు.

ఫిబ్రవరి 14, శనివారం

లచ్చమ్మ ఫోన్ చేసింది. మేడ్చల్ దగ్గర సీడ్ కంపెనీ పొలంలో నతానియేల్‌తో పనిచేసే మనిషి. పొద్దుతిరుగుడు పూలు విచ్చుకోవడం మొదలైందట.

అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో ఈ సంగతులన్నీ. ఆడ వరుసల పూలలో పుప్పొడి ఉండదు. మగ వరుసల నుంచి తెచ్చి అద్దాలి. తేనెటీగలు బయటి పుప్పొడి తేకుండా మొగ్గగా ఉన్నప్పుడే గుడ్డ సంచులు కట్టాలి. నూనె ఎక్కువ వచ్చే హైబ్రిడ్ కోసం ఏళ్లపాటు రెండు రకాలు పెంచాడు. ఈ సీజన్‌లోనే మొదటిసారి వాటిని కలుపుదామనుకున్నాడు. సంచులైతే లచ్చమ్మ కట్టేసిందట.

"ఆఫీసుల ఎవ్వలు పట్టించుకుంటలేరమ్మా. పూలు మనకోసం ఆగుతయా? జెర నువ్వన్న రారాదు," అంది.

మేనేజర్ రాహుల్‌కు ఫోన్ చేశాను. సన్‌ఫ్లవర్ ప్రోగ్రాం క్లోజ్ చేస్తున్నారట, మార్చి ఆఖరుకు పొలం ఓనర్‌కు అప్పగించాలట. సారీ మేడం, సారీ మేడం అని చాలాసార్లు అన్నాడు. నేను చేసుకోవచ్చా అని అడిగాను. మీ ఇష్టం మేడం అన్నాడు.

ఎందుకడిగానో తెలీదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. మారేడ్‌పల్లి నుంచి ఆటోలో, తర్వాత బస్సులో వెళ్లాను. బయల్దేరుతుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడింది. "సమాధి మీద మట్టి ఇంకా ఆరనే లేదు. ఆరాధన మానేసి పొలానికా, హదస్సా? సంఘంలో ఏమనుకుంటారు?" అంది. చెప్పులేసుకుని ఆటో పిలిచాను. ఆవిడను నొప్పించాలని కాదు.

లచ్చమ్మ నన్ను చూసి ఏడ్చింది. నేను ఆమె భుజం తట్టాను.

మగ పూల సంచులు విప్పి, డబ్బాలోకి దులిపాం. పుప్పొడి పసుపుపచ్చగా, పిండిలా ఉంది. మెత్తటి గుడ్డతో ఆడ పూల మీద అద్దుతూ పోయాం. మళ్లీ సంచి కట్టాం. పువ్వు ఒక్కరోజులో విచ్చదు, అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని వరుసలు. కాబట్టి రోజూ రావాలి. అంచున అప్పటికే కొన్ని వరుసలు వాడిపోయాయి.

"సారు పాట పాడుకుంట చేస్తుండె," అంది లచ్చమ్మ. నాకు తెలీదు ఆ సంగతి. ఇంట్లో ఎప్పుడూ పాడలేదు. తర్వాతి పువ్వుకు వెళ్లాను.

ఫిబ్రవరి 16

వారం లీవ్ పెట్టాను. వెళ్లాను. అద్దాను. వచ్చాను.

ఫిబ్రవరి 18, బుధవారం

చిలకలు. గుంపుగా వచ్చి సంచులు చింపేస్తున్నాయి. లచ్చమ్మ రేకుడబ్బా కొడుతూ పొలమంతా తిరిగింది. చాలా పూల తలలు పోయాయి. ఇంకా గింజే పట్టలేదు, ఏం తింటాయో. కొత్త సంచులు ఎక్కడివి? ఇంటికొచ్చి, ఇక అయిపోయినట్టే అని అత్తయ్యతో అన్నాను. బాధ కలగలేదు. బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పాను.

ఫిబ్రవరి 19, ఉదయం ఐదున్నర

కుట్టుమిషన్ చప్పుడుకు లేచాను. నతానియేల్ తెల్ల పంచెలు రెండూ చింపేసింది అత్తయ్య. డైనింగ్ టేబుల్ నిండా సంచులు. "నాడాలు నువ్వు ఎక్కించు," అంది, తలెత్తకుండా. ఎక్కించాను.

ఆవిడ కూడా బస్సెక్కింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

చివరి పూలు. అత్తయ్య ఈరోజు కూడా వచ్చింది. చర్చి మాట ఎవరూ ఎత్తలేదు.

మార్చి 25, బుధవారం

తలలు కోసి తెచ్చాం. మేడ మీద ఆరబెట్టాం. చిలకలు వదిలినవి ఓ బుట్టెడు. గింజ పట్టిందో లేదో చూడాలంటే భయం వెయ్యాలి కదా. వెయ్యలేదు.

మార్చి 29, ఆదివారం

చర్చి నుంచి వచ్చి మేడ మీద కూర్చున్నాం. అత్తయ్య ఒక తల ఒళ్లో పెట్టుకుని అంచు నుంచి గింజ తీసి గోటితో నొక్కింది. తాలు. ఇంకోటి. తాలే. తలను నా చేతిలోకి తీసుకుని కాస్త లోపలి వరుస నొక్కాను. పెంకు పగల్లేదు. పళ్ల మధ్య పెట్టి కొరికాను. నిండు పప్పు.

అంచు వరుసలు మేం వెళ్లకముందు విచ్చినవి. లోపలివన్నీ గట్టి గింజలు.

అత్తయ్య తలను రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. "వాడి గింజలే," అంది. పెద్దగా ఏడ్చింది. నేను మిగతా తలలు వలవడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ 11, శనివారం

రాహుల్ ఇంటికొచ్చాడు. గింజలు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. కోల్డ్ రూంలో పెట్టిస్తానన్నాడు. ప్రోగ్రాం తిరిగి తెరుస్తారని మాటివ్వలేనట. కానీ వానాకాలం వికారాబాద్ వైపు తన మేనమామ పొలంలో ఓ మూల వేయించడానికి పైవాళ్లు ఒప్పుకున్నారట. చూసుకోవడానికి లచ్చమ్మను పిలుస్తారట. ఏ పేరు పెడదాం మేడం అని అడిగాడు. మీ కంపెనీ నంబరేదో వేసుకోండి అన్నాను. అత్తయ్య నా వైపు చూసింది.

ఏప్రిల్ 18, శనివారం

నతానియేల్ పోయాక మొదటిసారి ఆకలితో మెలకువ వచ్చింది. అత్తయ్యను లేపి ఉప్మా కావాలని అడిగాను. ఆవిడ నా ముఖం చూసి, గబగబా లేచి, చెప్పులైనా వేసుకోకుండా వంటింట్లోకి వెళ్లింది.