అన్నయ్యను కాగులోంచి తీయించు వదినా

బతూమి, సెప్టెంబరు 9

మక్వాలా వదినకు నాజిబ్రోలా రాయునది. మేమిక్కడ క్షేమం. మా అన్నయ్య అక్కడ క్షేమమో కాదో తెలుసుకుందామనే ఈ ఉత్తరం. మొన్న ఫోన్లో ఒకరినొకరం అనుకున్న మాటల తర్వాత మళ్ళీ ఫోన్ చేయడానికి మనసొప్పలేదు.

మా వీధిలో తేనె అమ్మే ఆయన పోయిన వారం మీ కర్దెనఖి వచ్చాడట. మా షాక్రో అన్నయ్య ఏడని అడిగితే, 'పొద్దున్నే లోపలికి దింపాను, సాయంత్రం తీస్తాను' అన్నావట. భూమిలోంచి ఏడుపు వినబడిందని ఒట్టేసి చెబుతున్నాడు. అన్నయ్య మీ ఇంటికి ఇల్లరికం వచ్చిన మాట నిజమే. అంతమాత్రాన పాతిపెట్టాలా? వివరంగా రాయి.

నీ ఆడపడుచు,
నాజిబ్రోలా

తా.క.: నువ్వు ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టి పంపిన అక్రోటు దండలు అందాయి. రెండే ఉన్నాయి. పోయినేడు మూడు.

కర్దెనఖి, సెప్టెంబరు 17

నాజీకి వదిన ఆశీస్సులు. అది ఏడుపు కాదు, పాట. మీ అన్నయ్య పాడితే అలాగే ఉంటుంది.

ద్రాక్ష కోతలకు ముందు వైన్ కాగులు కడగాలి. మా మట్టి కాగులు భూమిలో మెడదాకా పాతినవి, రెండు నిలువుల లోతు. మనిషి దిగి చెర్రీ బెరడు కుంచెతో, బూడిద నీళ్ళతో తోమాలి. సబ్బు వాడం. మట్టి దాని వాసన పట్టుకుంటే ఏళ్ళ తరబడి వదలదు. కడిగిన నీళ్ళు తేటపడేదాకా ఉంచి కూరపాదులకు పోస్తాను. లోపల గాలి చాలదు కాబట్టి పాడుతూ ఉండమంటాను. పాట ఆగితే నడుముకు కట్టిన తాడు లాగుతాను.

నీ వదిన,
మక్వాలా

తా.క.: ఈ ఏడు కాగు మూతి దగ్గర ఇరుక్కుపోయాడు. పొద్దుతిరుగుడు నూనె రాసి దింపాను.

బతూమి, సెప్టెంబరు 26

వదినా, నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. కాగుల్లో వైన్ పోస్తారని తెలుసు గాని, నూనె రాసిన మనుషుల్ని పోస్తారని తెలీదు.

మా ఆయన ఎర్మిలే సంగతి నీకు తెలుసుగా. ఓడరేవులో తాళ్ళ పని చేసి రిటైరయ్యాక రోజుకు నాలుగు మాటలు మించి మాట్లాడడు. నీ ఉత్తరం మాత్రం మూడుసార్లు చదివాడు. ఆ మట్టి కాగు ఎందుకు పగలదు, అడుగున చీకటిగా ఉంటుందా అని నన్ను అడుగుతాడు. నాకేం తెలుసు? అన్నయ్యను కొన్నాళ్ళు ఇక్కడికి పంపించు.

నాజిబ్రోలా

తా.క.: తాడు ఎంత లావుందో రాయమంటున్నాడు.

కర్దెనఖి, అక్టోబరు 15

నాజీ, తాడు బొటనవేలంత లావు. మీ ఆయనకు నమస్కారాలు చెప్పు.

షాక్రోను ఇప్పుడు పంపలేను. ద్రాక్షరసం కాగుల్లో పొంగుతోంది. పైకి తేలిన తొక్కల్ని రోజుకు నాలుగుసార్లు కిందికి తొక్కాలి. తోటలో కలుపుమందు కొట్టం. కోతయ్యాక గొర్రెల్ని వదులుతాం, అవే మేసి అవే ఎరువు వేస్తాయి. కత్తిరించిన తీగలు రొట్టెల పొయ్యిలోకి. పిండగా మిగిలిన పిప్పితో సారా కాచి, ఆ మడ్డిని మళ్ళీ తీగల మొదట్లో వేస్తాం. మా ఇంట్లో పారేసేది ఏదీ లేదు, మీ అన్నయ్యతో సహా.

మక్వాలా

తా.క.: నిన్న పులిసిన పిప్పి తిని ఇద్దరు ఒళ్ళు తెలియకుండా పడిపోయారు. మోసుకెళ్ళి కొట్టంలో పడుకోబెట్టాం. పశువుల డాక్టరు వచ్చి నాలుక చూసి, రేపటికి లేస్తారన్నాడు.

బతూమి, అక్టోబరు 23

వదినా, ఇక ఊరుకోను. మా అన్నయ్యను కొట్టంలో పడుకోబెట్టి పశువుల డాక్టరుకు చూపిస్తావా? ఆ రెండోవాడెవడో నాకనవసరం.

శనివారం ఎర్మిలేను పంపిస్తున్నాను. ఆయన గట్టిగా మాట్లాడలేడు కాబట్టి, నిన్ను ఏమేం అడగాలో కాగితం మీద రాసిచ్చాను. అన్నయ్య పెట్టె సర్ది ఉంచు.

నాజిబ్రోలా

తా.క.: ఎర్మిలే పొద్దుటి నుంచి కూనిరాగం తీస్తున్నాడు. కోపం వస్తే ఇలా చేస్తాడేమో. ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

కర్దెనఖి, నవంబరు 2

నాజీ, ఈ ఉత్తరం అందేసరికి మీ అన్నయ్య మీ ఇంట్లో కూర్చుని భోంచేస్తూ ఉంటాడు. కొట్టంలో పడుకున్నవి గొర్రెలు. మా ఇంట్లో వాటినీ మనుషుల్లాగే చెప్పుకుంటాం, తప్పు నాదే. కానీ అన్నయ్య క్షేమమో కాదో అన్న నీ అనుమానం మాత్రం నిజమైంది. రెండేళ్ళుగా షాక్రో నడుం పట్టుకుని లేస్తున్నాడు. కనిపిస్తున్నా నేను అడగలేదు. అడిగితే కాగులోకి దిగేవాళ్ళు ఉండరని భయం. మంచి డాక్టరుకు చూపించు. పశువుల డాక్టరు కాకుండా.

ఇక ఎర్మిలే అన్నయ్యగారి సంగతి. వచ్చారు, కాగితం తీశారు, నన్ను నిలబెట్టి సగం దాకా చదివారు. మా నాన్న చేయించిన చిన్న కాగు అక్కడే తెరిచి ఉంది. మూతి ఇరుకు, దిగే మనిషి లేక రెండేళ్ళుగా ఖాళీ. ఈ చలికాలం మట్టితో పూడ్చేద్దామనుకున్నాం. ఆయన వంగి చూసి, "ఒకసారి దిగనా చెల్లెమ్మా?" అన్నారు. సూదిలో దారంలా దిగిపోయి, లోపలినుంచి పాట ఎత్తుకున్నారు.

నాజీ, మీ ఆయన గొంతు నువ్వు ఎప్పుడైనా విన్నావా? పక్కతోటల వాళ్ళు కోత కత్తులు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు. పైకి వచ్చాక అడిగాను, ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదని. "ఎవరూ పాడమనలేదమ్మా" అన్నారు.

ఆఖరి ద్రాక్ష గుత్తులు తొక్కి ఆ కాగులోనే పోశాం. వసంతంలో వైన్ తయారై మూత తీసేదాకా కదలనంటున్నారు. తోలెయ్యమంటే తోలేస్తాను. నువ్వే చెప్పాలి.

నీ వదిన,
మక్వాలా

తా.క.: చలికోటు తెచ్చుకోలేదట. పార్సిల్ చేయకు, నువ్వే పట్టుకురా.