మొదటి మజిలీ నాగపూర్

అశోక్ నగర్, హైదరాబాద్
9 నవంబర్ 2025, ఆదివారం

ప్రియమైన ఫణికిరణ్‌కు,

ఉమాకాంత్ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు కూడా బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను, అడిగినా చెప్పేవాడివి కాదు కనుక. ఈ ఏడాదిలో నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "గోడౌన్‌లో ఉన్నాను, తర్వాత చేస్తా" అన్నావు. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి కవరు కొన్నాను. కౌంటర్లో ఉన్నావిడ నన్ను ఎగాదిగా చూసింది, ఈ వయసువాళ్ళు ఉత్తరాలు కూడా రాస్తారా అన్నట్టు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. రిజల్ట్స్ వచ్చాయి. నాకు జూనియర్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది, వచ్చే సోమవారం చేరాలి. హాస్టల్లో స్వీట్లు పెట్టమని ప్రాణం తీశారు, పెట్టాను. నేను మాత్రం ఒక్క ముక్క కూడా ముట్టలేదు. చదివినవాడివి నువ్వు, నీ పక్కన కూర్చున్నవాణ్ణి నేను.

నిజంగా అంతే కదా. చిక్కడపల్లి లైబ్రరీలో నువ్వు పాలిటీ పుస్తకం ముందేసుకుంటే నేను ఇండియా మ్యాపు మీద గీతలు గీసేవాణ్ణి. డిగ్రీ అవ్వగానే మీ నాన్నగారి పాత స్ప్లెండర్ మీద ఇద్దరం శ్రీనగర్ దాకా వెళ్ళాలి. హోటల్ అన్న మాట ఎత్తకూడదు. దొరికితే గురుద్వారాలో పడక, లేకపోతే పెట్రోల్ బంకులో. మీ అమ్మగారి కందిపొడి, మా అమ్మ సకినాలు సంచీలో ఉంటే దారిలో అన్నం ఒక్కటి కొనుక్కుంటే చాలనేవాడివి. నారాయణగూడ మెకానిక్ కృష్ణయ్య బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది నిర్మల్ దాటితే నా దుకాణం మీ పేరు మీద రాస్త" అన్నాడు. అయితే నిర్మల్ దాటగానే అతనికి ఫోటో పంపుదామని నువ్వు నవ్వావు. మొదటి మజిలీ నాగపూర్ అని ఎర్ర పెన్నుతో రాశాం. చివరికి నువ్వొక్కడివే నాగపూర్ చేరావు. అదీ రైల్లో, పార్సిల్ కంపెనీలో పనికి.

మనం బయల్దేరాల్సిన ఏడాదే ఈ ఉద్యోగాల నోటిఫికేషన్ పడింది. "ట్రిప్పు ఎక్కడికీ పోదురా, ఉద్యోగం వచ్చాక వెళ్దాం" అన్నావు. అప్పటికే హాస్టల్లో నా చెయ్యి మంచిదని పేరొచ్చింది. నేను అప్లికేషన్ పెట్టిన ఇద్దరు సీనియర్లకు ఉద్యోగాలు రావడంతో ఇక ఎవరూ తమది తాము పెట్టుకోవడం మానేశారు. టీ ఇప్పించి ఫోన్ నా చేతిలో పెట్టేవారు. సైన్స్ పేపరు బట్టీపట్టే వాళ్ళందరికీ ఈ నమ్మకం ఏమిటో. అన్నీ తరచి చూసే నువ్వు కూడా ఆఖరి రోజు నీ ఫోన్ నాకే ఇచ్చావు.

హాల్ టికెట్లు వచ్చిన రోజు అందరివీ వచ్చాయి, నీది రాలేదు. సర్వీస్ కమిషన్ ఆఫీసుకు వెళ్తే అసలు నీ అప్లికేషనే అందలేదన్నారు. ఆఖరి రోజు తాకిడికి మధ్యలో నెట్ ఆగిందేమో అని నీతో అన్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. నువ్వు నా భుజం మీద చెయ్యేసి, "నువ్వేం చేస్తావురా, నా రాత" అన్నావు.

ఆ వారమే మీ నాన్నగారికి మన మ్యాపు దొరకడం మన దరిద్రం. అక్టోబర్ తేదీలతో సహా ఉంది కదా. నువ్వు అప్లై చెయ్యకుండానే చేశానని చెప్పి ఊళ్ళు తిరగబోయావని మీ నాన్న సూర్యనారాయణమూర్తి గారు తీర్మానించేశారు. "తిరిగితే తిరుగు, నాతో అబద్ధం ఎందుకాడావు?" అని ఒక్క మాట అని, ఆ తర్వాత నీతో మాట్లాడటం మానేశారని మీ చెల్లి పల్లవి చెప్పింది. అందుకే నువ్వు ఊరు వదిలావని నాకు తెలుసు.

నిన్న చిక్కడపల్లి మార్కెట్లో ఆయన కనిపించారు. చిక్కిపోయారు. కూరల సంచీ అందుకుని ఇంటిదాకా తోడు నడిచాను. నా ఉద్యోగం సంగతి విని సంతోషించారు. గేటు దగ్గర ఆగి, "మావాడు కూడా నీలాగా బుద్ధిగా అప్లై చేసుంటే ఎంత బాగుండేది బాబూ" అన్నారు. నేను సంచీ ఇచ్చేసి వచ్చేశాను.

త్వరలో ఇంకో నోటిఫికేషన్ పడుతుందంటున్నారు. ఇక పరీక్ష రాయను, నాకు రాసిపెట్టి లేదు అన్నావట పల్లవితో. అలా అనకు. ఒక్కసారి వచ్చి రాయి.

నీ మిత్రుడు,
ఉమాకాంత్

తా.క. బుధవారం. ఈ ఉత్తరం మూడు రోజులుగా జేబులోనే తిరుగుతోంది. ఇందులో అబద్ధం ఉంది, అందుకే డబ్బాలో వెయ్యలేకపోయాను. ఆ రోజు నెట్ బాగానే ఉంది. నీ వివరాలన్నీ నింపాను, ఫోటో ఎక్కించాను, చివరి బటన్ నొక్కలేదు. పరీక్ష లేకపోతే అక్టోబర్లో నాతో బండెక్కుతావనుకున్నాను. ఉద్యోగం వస్తే ఇక నాతో ఎక్కడికీ రావని భయమేసింది. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు, ఉంటే బాగుండేది. పేజీ మూసేసి, అయిపోయిందన్నాను. నువ్వు సంతోషంగా ఇంకో టీ ఇప్పించావు. నాది మాత్రం మా నాన్నకు భయపడి అంతకు ముందే పెట్టుకున్నాను. క్షమించమని అడిగే ముఖం లేదు.

ఇవాళ పొద్దున మీ ఇంటికి వెళ్ళి ఈ మాటలే మీ నాన్నగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే వాడు నాకు నిజమే చెప్పాడు" అన్నారు. పల్లవిని పిలిచి నాగపూర్‌కి రైలు ఎన్నింటికో చూడమన్నారు. ఈ ఉత్తరం కంటే ఆయనే ముందు వస్తారేమో. మీ అమ్మగారు ఎప్పటిలాగే నాకు కాఫీ తెస్తూ, వంటింటి గుమ్మంలోనే ఆగి అంతా విన్నారు. గ్లాసు పట్టుకుని అలాగే వెనక్కి వెళ్ళిపోయారు.