చెప్పులేని కుడికాలు

నాన్నా,

ఫోనులో అయితే నువ్వు "తిన్నావా, ఒంట్లో బాగుందా, సరే అమ్మకిస్తున్నా" అని ఒక్క గుక్కలో ముగించేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో అమ్మ చేతికివ్వలేవు కదా, అందుకే రాస్తున్నాను. కుర్చీలో కూర్చుని చదువు. కోపమొస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదువు.

నేను కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం చెయ్యడం లేదు. ఏడాదిగా కారు నడుపుతున్నాను.

అమ్మయ్య, చెప్పేశాను.

ఎలక్ట్రిక్ కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ అన్న మాట నిజమే. ఇంజనీరుగా చేరిన మాటా నిజమే. మొదటి మూడు నెలలు కుర్చీ చక్రాల మీద అటూ ఇటూ దొర్లుతూ, కిటికీలోంచి టెస్టు ట్రాకు వైపే చూస్తూ గడిపాను. ఒకరోజు ట్రాకు డ్రైవరు సెలవు పెట్టాడు. "మీలో ఎవరికైనా డ్రైవింగు వచ్చా?" అని అడిగారు. నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. అంతే, ఇప్పటికీ దిగలేదు.

నా పనేమిటంటే, బ్యాటరీ నిండా చార్జి చేసిన కారుని గుండ్రటి ట్రాకు మీద అది ఆగిపోయేదాకా నడపడం, ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాయడం. ఆగినచోటికి లాగుడు బండి వచ్చి మా ఇద్దరినీ తీసుకెళుతుంది. ఇంత చక్కటి ఉద్యోగం ఒకటుంటుందని కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు టాక్సీ స్టాండులో అందరితో అనే మాట నాకు తెలుసు. "మా అమ్మాయి స్టీరింగు ముట్టదు. దర్జాగా వెనక సీట్లో కూర్చుంటుంది." ఇరవై ఏడేళ్ళు నువ్వు ముందు సీట్లో కూర్చున్నది దానికోసమే కదా. నువ్వా మాట అన్నావని అమ్మ చెప్పినప్పుడల్లా నాకు తల వాలిపోయేది. పైగా నా చేతికొచ్చింది నువ్వు "చక్రాలు తొడిగిన సెల్‌ఫోను" అని వెక్కిరించే బండాయె!

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నీ కాలు నన్ను ఇరుకున పెట్టింది.

చిన్నప్పుడు నీ పక్క సీట్లో కూర్చుని అద్దం తుడిచే రోజుల్లో చూసేదాన్ని, నువ్వు కుడి చెప్పు విప్పి సీటు కిందికి తోసేవాడివి. "చెప్పుంటే పెడలు ఏమంటోందో తెలీదే క్లీనరూ" అనేవాడివి. దూరాన ఎర్ర లైటు కనబడగానే కాలు తీసేసి, బండిని దాని మానాన దాన్ని వదిలేసేవాడివి. బ్రేకు తొక్కాల్సి వస్తే చిన్నబోయేవాడివి, ముందు చూసుకోలేదని ఒప్పుకున్నట్టు. నేనూ ట్రాకు మీద చెప్పు విప్పేస్తాను. ఈ బండికి ఇంకో సుగుణం ఉంది. కాలు తీస్తే నెమ్మదిస్తూ, పోయే వేగాన్ని మళ్ళీ కరెంటు చేసి బ్యాటరీలో దాచుకుంటుంది. నువ్వు తిట్టే ఈ బండి నీ కాలి కోసమే పుట్టింది నాన్నా!

కొత్త మోడలు నా కాలి కింద నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు వెళ్ళింది. మిగతావాళ్ళు ఎవరు నడిపినా మూడు వందల యాభై దాటలేదు. మా మేనేజరు "అర్జెంటు" లేకుండా వాక్యం పూర్తి చెయ్యరు, అందుకని ఆయన్ని అర్జెంటుగారు అంటాం. నా అంకె చూసి గంతేసినంత పని చేశారు. ప్రకటనల్లో అదే వేస్తారట. కారు అంత దూరం వెళుతుందని నేను సంతకం పెట్టాలట.

"అది కారు గొప్ప కాదు సార్, మా నాన్న కాలు" అన్నాను.

"నువ్వు అబద్ధం రాశావా?"

"లేదు."

"కారు అంత దూరం వెళ్ళిందా, లేదా?"

"వెళ్ళింది."

"మరి నీ బాధేంటమ్మా? అర్జెంటుగా సంతకం పెట్టు."

నా బాధేంటంటే, ఆ అంకె నమ్మి ఎవరో ఒకావిడ పిల్లల్ని వెనక ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, చెప్పులేసుకునే బయల్దేరుతుంది. మూడు వందల యాభై దగ్గర నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఆవిడకి లాగుడు బండి ఎవరు పంపిస్తారు?

శుక్రవారం దాకా గడువిచ్చారు. పెట్టకపోతే ట్రాకు మీంచి తప్పించి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చోబెడతారట. అంటే నీకు చెప్పిన అబద్ధం నిజమైపోతుంది. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఏం చెయ్యమంటావు?

నీ క్లీనరు

*

క్లీనరుకి,

నా రాత నాకే అర్థం కాదు కాబట్టి మీ అమ్మ చేత రాయిస్తున్నాను. మధ్యలో సొంత మాటలు దూర్చనని తను ఒట్టు వేసింది. (వెయ్యలేదు. - అమ్మ)

నువ్వు బండి నడుపుతున్న సంగతి పోయిన సెలవుల్లోనే తెలుసు. మెట్ల మీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుతున్నావు. ఎడమ మడమ నున్నగా ఉంది. కుడి మడమ పక్కన కాయ కాసింది. సరిగ్గా నాకున్న చోటే. కంప్యూటరుని ఎవరూ కాలితో నొక్కరు కదా. నువ్వే చెబుతావని ఊరుకున్నాను. (ఎక్కడ ఊరుకున్నారు! "ఇది చూడు, నాది చూడు, ఒకటే కదా" అని వారం రోజులు నా ప్రాణం తీశారు.)

స్టీరింగు ముట్టొద్దన్నది ఆ పని తక్కువని కాదే. వెనక సీట్లోంచి చిటికేసి పిలుస్తారు. ఆ చిటిక నీ చెవిన పడకూడదనుకున్నాను. అక్కడ నిన్ను చిటికేసి పిలిచేవాడున్నాడా? లేకపోతే హాయిగా నడుపుకో.

ఇక అంకె సంగతి. ఒక లెక్కల మాస్టారు రోజూ నా బండెక్కేవారు. లీటరుకి ఎంతిస్తుందని అడిగితే, ఛాతీ విరుచుకుని ఇరవై నాలుగన్నాను. ఆయనా అదే బండి కొన్నారు. పదిహేడొచ్చింది. స్టాండుకొచ్చి నలుగురి ముందూ "బండి ఎక్కడ దొరుకుతుందో చెప్పావు, నీ కాలు ఎక్కడ అమ్ముతారో కూడా చెప్పాల్సిందయ్యా!" అన్నారు. ఆ రోజు నుంచి ఎవరడిగినా పదిహేడే చెబుతున్నాను. (ఇరవై నాలుగే చెబుతున్నారు. నిన్న కూడా.)

సంతకం పెట్టకు. అలాగని మూతి ముడుచుకుని కూర్చోకు. మీ అర్జెంటాయన్నే స్టీరింగు ముందు కూర్చోబెట్టు. బూట్లతోనే నడపమను. ఆయనకెంతొస్తే అంత వేసుకోమను.

ఇంకోటి. నేనూ ఒకటి దాచాను. స్టాండులో ఒకాయన ఎలక్ట్రిక్ టాక్సీ కొన్నాడు. ఆయన ఊరెళితే వారం రోజులు నేనే తోలాను. వెన్నలా ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఇంజను చప్పుడు లేక, వెనక సీట్లో మొగుడూ పెళ్ళాల పోట్లాట ఒక్క ముక్క పోకుండా వినిపించింది. చివరికి నేనే తీర్పు చెప్పాల్సొచ్చింది. (తప్పు ఆవిడదేనన్నారట. దిగుతూ తలుపు ఎలా వేసి వెళ్ళిందో అడుగు.)

మీ నాన్న

*

నాన్నకీ, ఒట్టు వెయ్యని అమ్మకీ,

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి, "సార్, మీరు నడపండి. మీకెంతొస్తే అంతకి అర్జెంటుగా సంతకం పెడతాను" అన్నాను. ఆయనకి పౌరుషం వచ్చింది. బూట్లతోనే ఎక్కారు. ఏసీ గడగడ వణికేంత పెట్టారు. మలుపు మలుపుకీ బ్రేకే. పక్క సీట్లో నా కుడికాలు దానంతటదే లేచి లేచి పడుతోంది.

సాయంత్రం, మూడు వందల ముప్ఫై ఎనిమిది దగ్గర, సరిగ్గా క్యాంటీను ఎదురుగా కారు ఆగిపోయింది. టీ తాగుతున్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి చప్పట్లు.

"నేను నడిపితే కడుపులో తిప్పుతుందని మా ఆవిడ రోజూ అంటుంది. అనవసరంగా దెబ్బలాడాను" అన్నారాయన. తర్వాత లాగుడు బండి కోసం రోడ్డు వైపు చూస్తూ, "పిల్లలతో ఇలా ఆగిపోతే కష్టమే కదమ్మా" అన్నారు. ఆ మాటలో ఎక్కడా అర్జెంటు లేదు!

ప్రకటనల్లో మూడు వందల ముప్ఫై ఎనిమిదే వేస్తున్నారు. సంతోషంగా సంతకం పెట్టాను. ట్రాకు నాదే.

అసలు సంగతి ఇప్పుడు విను. లెక్కల మాస్టారి మాట ఆయనకి చెప్పాను. పడీ పడీ నవ్వి, "అయితే కాలు కూడా ఇద్దాం" అన్నారు. ఇకమీదట మా కారు కొన్నవాళ్ళందరికీ ట్రాకు మీద గంటసేపు పాఠం. కాలు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తియ్యాలి అని. పాఠం చెప్పేవాళ్ళెవరని అడిగితే నీ పేరిచ్చాను. మొదటి విద్యార్థి అర్జెంటుగారే. ఇక్కడ నిన్నెవరూ చిటికేసి పిలవరు, "మాస్టారూ" అంటారు.

సోమవారానికల్లా వచ్చెయ్యి. స్టేషనుకి నేనే కారు తెస్తాను. నువ్వూ అమ్మా దర్జాగా వెనక సీట్లో కూర్చోండి. మీరు పోట్లాడుకుంటే ఒక్క ముక్క పోకుండా వింటాను, తీర్పు మాత్రం చెప్పను.

కుడి చెప్పు ఇంట్లోనే వదిలేసి రా.

డ్రైవరు కూతురు,
డ్రైవరు