చిన్న టైరు, పెద్ద నింద

ఏవండీ,

కూర స్టవ్ మీద మూత పెట్టి ఉంది, వేడి చేసుకోండి. కారు మాత్రం తీయకండి. మెకానిక్ వచ్చి చూశాడు. పొడి రోడ్డు మీద కూడా డాష్‌బోర్డులో ఆ జారే బండి బొమ్మ లైటు ఎందుకు వెలుగుతోందో తెలిసింది. వెనక కుడి టైరు మిగతా వాటికన్నా చిన్నదట. మనకి కారు అమ్మినవాడు చేతికి దొరికింది బిగించేశాడు. చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది కదా, అది జారుతోందనుకుని కారే ఇంజన్ జోరు తగ్గించేస్తోంది.

అంటే మా అమ్మ బరువు వల్ల కాదు. లైటు వెలిగినప్పుడల్లా "అత్తయ్యగారూ, కాస్త ఎడమకి జరగండి" అంటూ ఆవిడని సీటంతా తుడిపించారు. పాపం, మీ మాట నమ్మి రాత్రి భోజనం కూడా మానేసింది. ఇప్పుడు పక్కగదిలో పడుకుంది. లేవగానే ఈ సంగతి మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెప్పను. ఆ తర్వాతే టైరు సంగతి చూడండి.

నేను డ్యూటీకి వెళ్తున్నాను.

తా.క.: చెప్పులు వేసుకుంటుంటే అమ్మ లేచింది. ఉండబట్టలేక నేనే చెప్పేశాను. కూర గిన్నె మూత తీయకండి, అందులో ఏమీ లేదు.